పెళ్ళి బట్టలు ఎక్కడ కొనాలి: ధరతో పాటు మజూరీ కూడా చూసి ఎంచుకునేవాళ్ళ కోసం

మా చెల్లెలు గుంటూరు బ్రాడీపేటలో ఉంటుంది. వాళ్ళమ్మాయి పెళ్ళి కార్తీకంలో. ఆషాఢం రాగానే ఫోన్ చేసి జాబితా చదివింది: పెట్టుబడి చీరలు ముప్ఫై ఆరు, మగవాళ్ళకి షర్టు గుడ్డలు పన్నెండు, పిల్లలకి రెడీమేడ్ డ్రెస్సులు ఎనిమిది, పెళ్ళికూతురి జాకెట్లు అయిదింటికి మగ్గం వర్కు, పెద్దవాళ్ళకి పంచెలు. "బెజవాడ వచ్చేస్తాను, వన్‌టౌన్‌లో ఒక్క రోజులో తేల్చేద్దామా? మధ్యలో మంగళగిరిలో దిగుదామా? మా కోడలేమో అన్నీ ఆన్‌లైన్లోనే చౌక అంటోంది. నువ్వే చెప్పక్కా" అంది.

జవాబు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ధర చూసి కొనడమైతే తేలిక. ఆ బట్ట నేసిన మనిషికి, కుట్టిన మనిషికి ఏం ముట్టిందో కూడా చూసి కొనాలంటే ఒక్కో కొట్టు దగ్గర ఒక్కో జవాబు వస్తుంది. "చేనేత కొను, మాల్‌కి వెళ్ళకు" అనే సలహా అందరూ ఇస్తారు. అందులో నిజం సగమే ఉంది. మిగతా సగం తెలియాలంటే ఒక్కో దారినీ విడివిడిగా చూడాలి. దసరాకో సంక్రాంతికో ఇదే సందిగ్ధంలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని, చెల్లెలికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

## ముందు ఏం చూడాలి

అన్నిటికన్నా ముందు మజూరీ, అంటే పనిచేసినవాళ్ళకి ముట్టే కూలి. ధర పెరిగితే పనివాళ్ళకి కూడా ఎక్కువ ముడుతుందని మనం అనుకుంటాం. పత్తి దగ్గర్నుంచి లెక్క వేసి చూడండి. 2025-26 సీజనుకి పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు, అంటే కిలో 81. ఒక షర్టుకి దాదాపు పావు కిలో దూది పడుతుంది. చేలో కోసిన పత్తిలో దూది మూడో వంతు, మిగతాది గింజ. మిల్లులో పోయే తరుగు కూడా కలిపితే షర్టుకి 800 గ్రాముల పత్తి అనుకుందాం. రైతుకి 65 రూపాయలు. అదీ మద్దతు ధర దక్కితే. ఆ షర్టు మీద 400 అని రాసినా 2,400 అని రాసినా, మన గుంటూరు జిల్లా రైతుకి వచ్చేది ఆ 65 దగ్గరే. అందులోంచే విత్తనం, పురుగుమందు, పత్తి తీసిన ఆడవాళ్ళ కూలి పోవాలి. కాబట్టి ధర చీటీ చూసి మజూరీ అంచనా వేయలేం. అడగాలి.

తర్వాత, ఆ పని ప్రాణభయం లేకుండా చేసుకోగలుగుతున్నారా అన్నది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా పక్కన సావర్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులో ఉన్న బ్యాంకు తన సిబ్బందిని ఇంటికి పంపేసింది. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్ళని మాత్రం మర్నాడు పనిలోకి ఎక్కించారు. శిథిలాల్లో పెద్ద పెద్ద బ్రాండ్ల లేబుళ్ళు దొరికాయి. ఎక్కడో బంగ్లాదేశ్ అనుకోనక్కర్లేదు. 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) విషవాయువు సోకి, దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. మన రాష్ట్రమే, మన అమ్మాయిలే.

మూడోది, అడిగితే చెప్పే మనిషి ఉన్నాడా. దీనికి నేను చాలా విలువ ఇస్తాను. ఎవరు నేశారు, ఎక్కడ కుట్టారు, ఎంత ఇచ్చారు అని అడిగినప్పుడు జవాబు తెలిసినవాళ్ళు ఎదురుగా ఉంటే, ఆ జవాబు తప్పయినా మనం మళ్ళీ వెళ్ళి నిలదీయొచ్చు.

ఇక ఆ బట్ట ఎన్నిసార్లు కడతాం అన్నది, మన జేబు ఎంత అన్నది. ఈ రెండూ కలిపి చూడాలి. ఉదాహరణకి 400 పెట్టి కొన్న కుర్తీ ఎనిమిది ఉతుకులకి సాగిపోతే ఒక్కసారి వేసుకున్నందుకు 50 రూపాయలు. గుడ్డకి, కుట్టుకూలికి కలిపి 1,600 అయిన కాటన్ కుర్తీ ఎనభైసార్లు వేసుకుంటే 20 రూపాయలు. కానీ ఒకేసారి 1,600 తీయలేని ఇల్లు ఉంటుంది. వాళ్ళకి ఈ లెక్క చెప్పి తప్పు చేస్తున్నారనే భావన కలిగించడం నాకు నచ్చదు.

## వన్‌టౌన్ హోల్‌సేల్ చీర

పెట్టుబడి చీరల గురించి అసలు సంగతి మాట్లాడుకుందాం. ఇంటికి వచ్చిన ఆడపడుచులకి, పిన్నులకి, మేనత్తలకి చీర పెట్టడం మన మర్యాద. లెక్క ముప్ఫై దాటేసరికి మనం వస్త్రలత అనే బట్టల మార్కెట్‌కో కృష్ణవేణి మార్కెట్‌కో వెళ్ళి, మూడొందల్లో కట్టలు కట్టలుగా తెస్తాం. పుచ్చుకున్నవాళ్ళు కట్టరు. బీరువాలో పెట్టి, ఇంకో పెళ్ళిలో ఇంకొకరికి పెడతారు. నేను పెట్టిన చీర మూడేళ్ళ తర్వాత అదే కవరుతో నాకే తిరిగొచ్చింది. మా వదిన మీద నాకు కోపం రాలేదు. ఎవరూ కట్టని ఆ చీర కోసం ఎవరో రాత్రంతా మెలకువగా ఉన్నారన్న ఆలోచన మాత్రం చాలా రోజులు వదల్లేదు.

ఆ చీరల్లో ఎక్కువ భాగం సూరత్ సరుకు, పాలియెస్టర్. అక్కడి మరమగ్గాల మీద పనిచేసేది చాలామట్టుకు ఒడిశా గంజాం జిల్లా నుంచి వలస వెళ్ళినవాళ్ళు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, ఒకరు లేచిన చోట ఇంకొకరు పడుకునే గదులు. మగ్గాల మోతకి వినికిడి పోయినవాళ్ళు ఎందరో. మన ఇచ్ఛాపురం దాటితే గంజామే. ఆ చీర మీద రాళ్ళు అంటించి, లేసు కుట్టేది సూరత్ ఇళ్ళలోని ఆడవాళ్ళు, చీరకి ఇంత అని. ఆ వివరాలేవీ వన్‌టౌన్ కొట్టులో అడిగితే దొరకవు. దాచిపెట్టి కాదు, కొట్టు యజమానికి కూడా తెలియదు. సరుకు ఏజెంటు ద్వారా వస్తుంది.

మరి అసలు కొనకూడదా? రోజూ ఇంట్లో కట్టుకోవడానికి, పొలం పనికి, వంటపనికి ఆ చీరే సుఖం. ఉతికితే అరగంటలో ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, ఐదారేళ్ళు చెక్కుచెదరదు. కట్టే మనిషి ఉంటే అది అన్యాయపు కొనుగోలు అని నేను అనను. కట్టే మనిషి లేకుండా లెక్క కోసం కొనడం దగ్గరే నాకు అభ్యంతరం.

ఇక్కడే ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. నాలుగంతస్తుల చీరల షోరూములో ఒకసారి మేం నలభై చీరలు విప్పించాం. విప్పి, మడిచి, మళ్ళీ విప్పిన అమ్మాయి పొద్దున పదింటికి వచ్చిందట. అప్పటికి రాత్రి ఎనిమిది. చెప్పులు వదిలేసి, ఒక పాదం మీద ఇంకో పాదం ఆనించి, స్తంభానికి కొంచెం ఒరిగి నిలబడింది. స్టూలు లేదా అమ్మా అని అడిగితే, "కౌంటర్ వెనక ఉందండీ, కస్టమర్లుంటే కూర్చోకూడదు" అంది. ఇలా నిలబడీ నిలబడీ విసిగిన కోళికోడ్ దుకాణాల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే, 2018లో కేరళ ప్రభుత్వం దుకాణ ఉద్యోగులకి కూర్చునే హక్కు ఇస్తూ చట్టం సవరించింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. బట్ట వెనక శ్రమ అంటే ఎక్కడో ఫ్యాక్టరీలో ఉన్నదే అనుకుంటాం. కౌంటరుకి అవతల నిలబడిన అమ్మాయిది కూడా అదే శ్రమ. అందుకే ఇప్పుడు కొట్టు ఎంచుకునేటప్పుడు, అక్కడి అమ్మాయిలకి కూర్చునే చోటుందా అని చూస్తాను. లేకపోతే యజమానితో ఆ మాట అంటాను. ఇది ఏ షోరూముకైనా వర్తిస్తుంది, చేనేత షోరూముకి కూడా.

## మంగళగిరి: చేనేతలోనూ నాలుగు దారులు

బెజవాడ నుంచి పన్నెండు కిలోమీటర్లు. గుంటూరు వెళ్ళే దారిలోనే. ఇంత దగ్గర్లో నేసే మనిషిని చూసి కొనే అవకాశం ఉండటం మనకి దొరికిన భాగ్యం.

కిందటి వేసవిలో ఒక ఇంట్లో మగ్గం దగ్గర కూర్చున్నాను. గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, తొక్కుడు చెక్కల మీద పాదాలు పెట్టి ఆయన నేస్తున్నారు. అంచు దగ్గర పోగు తెగితే ఆపి, వేళ్ళు తడి చేసుకుని, రెండు కొసలూ పురిపెట్టి కలిపి మళ్ళీ మొదలుపెడతారు. పక్క వసారాలో ఆవిడ సైకిల్ రిమ్ముతో చేసిన రాట్నం మీద కండెలు చుడుతున్నారు. పొద్దున వంట అయిన దగ్గర్నుంచి ఆవిడ పని అదే. "వీటికి విడిగా ఇస్తారా?" అని అడిగాను. "చీర మజూరీలోనే కలిసిపోయిందమ్మా" అన్నారు. ఇద్దరి పని, ఒక్క మజూరీ. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళలో 70 శాతానికి పైగా ఆడవాళ్ళే. అదే గణనలో, మూడింట రెండొంతుల చేనేత కుటుంబాల ఆదాయం నెలకి 5,000 రూపాయల లోపు అని తేలింది. "చేనేత కొంటే చాలు" అనే సలహా సగమే నిజమని నేను అన్నది ఇందుకే. చేత్తో నేశారన్నది ఒక సంగతి. నేసినవాళ్ళకి సరిగ్గా ముట్టిందన్నది వేరే సంగతి.

2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉంది. ఉంటే మంచిదే, మరమగ్గం చీరని చేనేతగా అమ్మే మోసం నుంచి కాపాడుతుంది. ఆ లేబుల్ మజూరీ గురించి మాత్రం ఏమీ చెప్పదు. కొన్ని రకాల చీరలు, పంచెలు, తువాళ్ళు లాంటి పదకొండు రకాల బట్టలని చేనేతకే కేటాయిస్తూ 1985 చట్టం ఉన్నా, మరమగ్గం నకళ్ళు బజారు నిండా ఉన్నాయి. అంచుల వెంబడి రెండు వైపులా సన్నటి సూది రంధ్రాలు వరసగా ఉన్నాయేమో చూడండి. మగ్గం మీద బట్ట బిగువుగా ఉండటానికి ముళ్ళున్న కర్ర పెడతారు, దాని గుర్తులవి. నేత అచ్చు గుద్దినట్టు ఎక్కడా తేడా లేకుండా ఉంటే కొంచెం అనుమానించండి.

ఎక్కడ కొనాలన్నదానికి మంగళగిరిలో, దాని చుట్టూ నాలుగు దారులున్నాయి.

సహకార సంఘం, అంటే సొసైటీ. నూలు సంఘమే ఇస్తుంది, మజూరీ రేటు రాసి ఉంటుంది, నేతగాడు సభ్యుడు. ఫలానా చీరకి మజూరీ ఎంత అని అడిగితే చెప్పగలిగే చోటు ఇదే. డిజైన్లు తక్కువ, రంగులు మనం కోరినవి ఆ రోజు ఉండకపోవచ్చు. నా మొదటి ఓటు దీనికే. ఆప్కో (రాష్ట్ర చేనేత సహకార సంస్థ) షోరూములు సంఘాల సరుకే అమ్ముతాయి కాబట్టి, ఊరు దాటి వెళ్ళలేనివాళ్ళకి అవి దీని తర్వాత స్థానంలో ఉంటాయి.

మాస్టర్ వీవర్ కొట్టు. ఊళ్ళో ఎక్కువ మగ్గాలు వీళ్ళ కిందే నడుస్తాయి. నూలు, జరీ, డిజైను వాళ్ళవి, నేత మాత్రం ఇంటి దగ్గర. వీళ్ళని దోపిడీదారులని ఒక్క మాటలో అనడం నాకు ఇష్టం లేదు. అమ్ముడుపోని సరుకు భారం మోసేది వాళ్ళే, వానాకాలంలో పని ఆగితే అడ్వాన్సు ఇచ్చేదీ వాళ్ళే. ఆ అడ్వాన్సే నేతగాణ్ణి ఆ కొట్టుకి కట్టేసే తాడు అవుతుందన్నది కూడా అంతే నిజం. మంచి మాస్టర్ వీవర్ అయితే, "ఈ చీర ఎవరు నేశారు, ఒకసారి చూడొచ్చా" అంటే ఇంటికి తీసుకెళ్తారు. వెళ్ళనివ్వకపోతే పక్క కొట్టుకి వెళ్ళండి.

నేరుగా నేతగాడి ఇంట్లో కొనడం. వినడానికి ఇదే అన్నిటికన్నా న్యాయంగా ఉంటుంది. ఇక్కడొక జాగ్రత్త. మగ్గం మీద ఉన్న నూలు మాస్టర్ వీవర్‌ది అయితే ఆ చీర అమ్మే హక్కు నేసినాయనకి లేదు. "మాకిచ్చేయండి, రెండొందలు ఎక్కువిస్తాం" అని బలవంతపెడితే ఆయన్ని ఇబ్బందిలో పడేస్తాం. సొంత నూలుతో నేసేవాళ్ళు కొందరుంటారు. ముందు "నూలు మీదేనా?" అని అడగండి.

ఊళ్ళో బొటిక్. అదే చీర బెజవాడ బందరు రోడ్డులోనో గుంటూరు లక్ష్మీపురంలోనో అందమైన సంచిలో రెట్టింపు ధరకి ఉంటుంది. ఆ రెట్టింపులో అద్దె, ఏసీ, ఫొటోలు ఉన్నాయి. మజూరీ పెరిగిందో లేదో వాళ్ళే చెప్పాలి. కొంతమంది నిజంగానే నేతగాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేస్తారు, మంచి రేటు ఇస్తారు. అలాంటివాళ్ళు అడగ్గానే ఊరు పేరు, సంఘం పేరు చెబుతారు. తడబడితే అర్థం చేసుకోండి.

పెడన కలంకారీ కొనేవాళ్ళకి ఒక్క ముక్క: చెక్క అచ్చుతో అద్దినదానికి, స్క్రీన్ ప్రింటుకి ధరలో తేడా ఎక్కువ, చూపుకి తేడా తక్కువ. అచ్చు అద్దకంలో పువ్వుకీ పువ్వుకీ మధ్య రవ్వంత ఎడం మారుతుంది.

## మాల్‌లో బ్రాండ్లు

పిల్లల డ్రెస్సులకి చాలామంది ఎంచుకునేది ఈ దారే. సైజు సరిపోతుంది, నచ్చకపోతే మార్చుకోవచ్చు, బిల్లు ఉంటుంది. చౌక ఫ్యాషన్ గొలుసు దుకాణాలు కూడా ఇప్పుడు రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి.

ఇక్కడ లోపలి లేబుల్ తిరగేసి చూడటం అలవాటు చేసుకోండి. "మార్కెటెడ్ బై" అని ఉన్నది అమ్మే కంపెనీ. "మాన్యుఫాక్చర్డ్ బై" అని ఉన్నది కుట్టించిన కంపెనీ. కొన్నింటి మీద మొదటిది మాత్రమే ఉంటుంది. రెండోది ఉంటే అది తిరుప్పూరో, బెంగళూరో, బంగ్లాదేశో తెలుస్తుంది. కొన్ని పెద్ద కంపెనీలు తమకి కుట్టే ఫ్యాక్టరీల పేర్లు, చిరునామాలు వెబ్‌సైట్లో పెడుతున్నాయి. ఓపెన్ సప్లై హబ్ అనే సైటులో బ్రాండు పేరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. జాబితా ఉన్నంత మాత్రాన అక్కడ అంతా బాగుందని కాదు. ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలో తెలుస్తుంది, అంతే. ఆ మాత్రం కూడా చెప్పని కంపెనీ కన్నా చెప్పిన కంపెనీకే డబ్బు ఇస్తాను.

బ్రాండు కదా, అంతా పద్ధతి ప్రకారం ఉంటుందనుకోవద్దు. తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల్లో "సుమంగళి" పేరుతో ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతి ఇది: పేద ఇళ్ళ ఆడపిల్లల్ని మూడేళ్ళకి హాస్టల్లో పెట్టి పని చేయించుకుని, చివర్లో పెళ్ళి ఖర్చుకి ఒక మొత్తం ఇస్తామనేవారు. జబ్బు చేసి మధ్యలో మానేసిన పిల్లకి ఆ మొత్తం రాదు. ఆ నూలే చేతులు మారి పేరున్న టీషర్టుల్లోకి వెళ్ళింది. 2021 జనవరిలో దిండిగల్ ప్రాంతంలో ఎగుమతి దుస్తులు కుట్టే ఒక దళిత యువతి హత్యకి గురైంది. ఆమె సూపర్‌వైజర్‌ని అరెస్టు చేశారు. ఆ తర్వాత అక్కడి మహిళా కార్మికుల సంఘం పట్టుబట్టి, ఫ్యాక్టరీ యాజమాన్యంతో, కొనే విదేశీ బ్రాండుతో 2022లో ఒప్పందం రాయించుకుంది. వేధింపుల ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోకుండా ఉండేలా అందులో రాసుకున్నారు. కొనేవాళ్ళు బ్రాండుని నిలదీయడం వల్ల, కార్మికులకి సంఘం ఉండటం వల్ల అది సాధ్యమైంది. బ్రాండెడ్ బట్టకి ఉన్న అసలు ఉపయోగం నా దృష్టిలో ఇదే: పేరు పోతుందన్న భయం వాళ్ళకి ఉంటుంది.

ఆషాఢం సేల్ గురించి కూడా. "ఒకటి కొంటే రెండు ఉచితం" అన్నప్పుడు ఆ రెండూ కుట్టినవాళ్ళు ఉచితంగా కుట్టలేదు. పాత స్టాకు వదిలించుకునే సేల్ వేరు, సేల్ కోసమే తక్కువ రేటుకి కుట్టించి తెచ్చిన సరుకు వేరు. లేబుల్ మీద తయారైన నెల ఉంటే, దాన్ని చూస్తే కొంత తెలుస్తుంది.

## బీసెంట్ రోడ్

బెజవాడలో ఈ వీధి నిండా చిన్న కొట్లు, తోపుడు బండ్లు. బళ్ళారి జీన్సు, కోల్‌కతా మెటియాబ్రుజ్ నుంచి వచ్చే పిల్లల ఫ్రాకులు, తిరుప్పూరు ఎగుమతిలో తిరిగొచ్చిన టీషర్టులు. ఇవన్నీ చిన్న చిన్న షెడ్లలో, ఇళ్ళలో పీసు లెక్కన కుట్టేవి. అక్కడి పని గంటలు ఎవరూ రాసిపెట్టరు. మంచిగా ఉందో చెడ్డగా ఉందో తెలుసుకునే దారి మనకి లేదు.

అయితే బండి మీద అమ్మే మనిషి కూడా శ్రామికుడే. నడిరోడ్డు మీద ఎండలో రోజంతా నిలబడి సంపాదించేది ఆ పూట తిండికి సరిపోతుంది. అక్కడ పది రూపాయల దగ్గర బేరమాడి, మాల్‌లో చీటీ మీద ఉన్నంతా నోరెత్తకుండా ఇచ్చి వస్తాం. ఇది మానేద్దామని చెల్లెలితో గట్టిగానే చెప్పాను.

## ఆన్‌లైన్

త్వరగా చెప్పేస్తాను. "మంగళగిరి కాటన్ చీర, 349 మాత్రమే" అని కనపడితే అది మంగళగిరిదీ కాదు, చాలాసార్లు కాటనూ కాదు. ఆ ధరకి నూలు, మజూరీ రెండూ రావు. ఫొటో చూసి నాలుగు తెప్పించి మూడు తిప్పి పంపడం మనకి తేలిక. ఆ మూడింటి రవాణా, డెలివరీ కుర్రాడి తిరుగుడు, వెనక్కి వచ్చిన సరుకు నష్టం చివరికి చిన్న అమ్మకందారు మీదో, అతనికి కుట్టిచ్చినవాళ్ళ మీదో పడుతుంది. మంచి వైపు కూడా ఉంది: కొన్ని చేనేత సంఘాలు, సొంత మగ్గాలున్న నేతగాళ్ళు వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి నేరుగా అమ్ముతున్నారు. ఒకసారి ఊరికి వెళ్ళి చూసి, తర్వాత నుంచి వాళ్ళ దగ్గర ఫోన్‌లో తెప్పించుకోవడం చాలా మంచి పద్ధతి.

## గుడ్డ కొని టైలర్‌కి ఇవ్వడం

ఈ దారిని అందరూ మర్చిపోతున్నారు. నాకు మాత్రం అన్నిటికన్నా నమ్మకం దీని మీదే. కుట్టే మనిషి మన వీధిలో ఉంటుంది. ఎంత ఇస్తున్నామో మనకి తెలుసు, మధ్యలో ఎవరూ లేరు. చినిగితే, బిగువైతే మళ్ళీ ఆవిడే సరిచేస్తుంది, అందుకే ఆ బట్ట ఎక్కువ కాలం నిలుస్తుంది. సొసైటీలో మీటరు గుడ్డ కొని, పటమటలోనో కొత్తపేటలోనో టైలర్ దగ్గర కుట్టిస్తే నేతకీ కుట్టుకీ రెండింటికీ మన డబ్బు నేరుగా అందుతుంది.

ఇక్కడ అన్యాయం చేసేది కొనేవాళ్ళమే, తొందరపెట్టి. దసరాకి నాలుగు రోజుల ముందు అయిదు జాకెట్లు ఇచ్చి, "నీకే ఇచ్చానమ్మా, కాదనకు" అంటాం. ఆవిడ రాత్రి రెండింటి దాకా మిషను మీద ఉంటుంది. మూడు వారాల ముందే ఇవ్వండి, కొలత జాకెట్టుతో పాటు సగం డబ్బు ముందే ఇవ్వండి. అర్జెంట్ అయితే అదనంగా ఎంతో మీరే అడిగి ఇవ్వండి.

మగ్గం వర్కు విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జాకెట్టు మీద పని ఎక్కడ జరుగుతుందో ఒక్కసారి వెళ్ళి చూడండి. కర్ర చట్రానికి గుడ్డ బిగించి, అటూ ఇటూ కుర్రాళ్ళు బాసిపట్లు వేసుకుని, తల వంచి, ఒక్కో పూసా సూదితో ఎక్కిస్తుంటారు. చాలామంది బెంగాల్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళు, పనిచేసే గదిలోనే పడుకునేవాళ్ళు. బొటిక్ వాళ్ళు జాకెట్టుకి మన దగ్గర తీసుకునేదానికి, ఆ కుర్రాడికి రోజుకి ఇచ్చేదానికి పొంతన ఉందా అని అడగండి. లైటు చాలినంత ఉందో లేదో చూడండి. బడి వేళల తర్వాత సొంత ఇంటివాళ్ళ పనిలో సాయపడటం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలో పెట్టుకున్నా అది నేరమని 2016 సవరణ తర్వాత చట్టం స్పష్టంగా చెబుతోంది. అలాంటి పిల్లలు కనపడితే 1098కి ఫోన్ చేయండి, ఆర్డరు వెనక్కి తీసుకున్నంత మాత్రాన సరిపోదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | అడిగితే జవాబు | మజూరీ సంగతి | జేబుకి | దేనికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| సొసైటీ, ఆప్కో | దొరుకుతుంది | రేటు రాసి ఉంటుంది, సరిపోయేంత కాదు | మధ్యస్థం | చీరలు, పంచెలు, షర్టు గుడ్డలు |
| మాస్టర్ వీవర్ కొట్టు | మనిషిని బట్టి | అడిగి తేల్చుకోవాలి | మధ్యస్థం | ఎక్కువ సంఖ్యలో ఒకే రకం చీరలు |
| బొటిక్ | కొన్నిచోట్లే | ధరతో సంబంధం ఉండకపోవచ్చు | ఎక్కువ | ఒకటీ రెండూ ప్రత్యేకమైనవి |
| వన్‌టౌన్ హోల్‌సేల్ | దొరకదు | తెలియదు, పని కష్టం | చాలా తక్కువ | నిజంగా రోజూ కట్టేవాళ్ళకి |
| మాల్ బ్రాండ్లు | కంపెనీని బట్టి | కొంత నిఘా ఉంది | రకరకాలు | పిల్లల బట్టలు, లోదుస్తులు |
| బీసెంట్ రోడ్ | దొరకదు | తెలియదు | తక్కువ | అత్యవసరానికి |
| గుడ్డ, టైలర్ | ఎదురుగానే | మన చేతిలోనే | మధ్యస్థం | జాకెట్లు, కుర్తీలు, షర్టులు |

## ఎవరికి ఏది

నెలకి ఇంత అని లెక్కపెట్టుకుని బతికే ఇల్లయితే, ముందు ఉన్న బట్టల ఆయుష్షు పెంచండి. అక్క పరికిణీ చెల్లికి కురచ చేయించడం, పాత పట్టుచీరతో పాపకి లంగా కుట్టించడం మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ కుట్టుకూలి టైలరమ్మకి అందుతుంది. కొత్తవి తప్పనిసరి అయితే బజారు సరుకు కొనండి. ఈ భారమంతా మీ నెత్తిన వేసుకోవద్దు.

కాలేజీ పిల్లలకి నేను చెప్పేది సంఖ్య తగ్గించమనే. నెలకి నాలుగు చౌక టాపుల బదులు రెండు నెలలకి ఒక మంగళగిరి కాటన్ కుర్తా. లెగ్గింగ్సు, జీన్సు ఎలాగూ బ్రాండ్లవే కొంటారు. జాబితా బయటపెట్టే కంపెనీ చూసుకోండి.

ఉద్యోగస్తులు, ఇద్దరు సంపాదించేవాళ్ళు అయితే అడగాల్సిన బాధ్యత ఎక్కువ మీదే. మీకు ఎంపిక ఉంది. సొసైటీ గుడ్డ, నమ్మకమైన టైలర్, ఏడాదికి రెండు మంచి చీరలు.

ఇక పెళ్ళివారు. మా చెల్లెలితో కూర్చుని ముప్ఫై ఆరు పేర్లూ చదివాం. ఒక్కో పేరు దగ్గర "ఈవిడ కడుతుందా?" అని అడిగాను. పద్నాలుగు పేర్ల దగ్గర తప్పకుండా కడతారు అంది. ఆ పద్నాలుగూ సొసైటీలో మంగళగిరి కాటన్, నిజాం అంచువి. ఏడుగురు పల్లెటూరి పనివాళ్ళు, రోజూ కట్టేది పాలియెస్టరే. వాళ్ళకి వన్‌టౌన్‌లో, వాళ్ళు మెచ్చే రంగులు చూసి. మిగతా పదిహేనుమందికి చేనేత తువాళ్ళు, జాకెట్టు గుడ్డలు పెట్టి, పసుపు కుంకుమలతో మర్యాద చేద్దామన్నాను. "ఏమనుకుంటారో అక్కా" అని రెండు రోజులు టెన్షన్ పడింది. వాళ్ళ అత్తగారే, "బీరువాలో ఇరవై చీరలు మూలుగుతున్నాయి, తువాలు అయితే రేపే వాడతా" అన్నాక ఒప్పుకుంది. ఖర్చు మొదట అనుకున్నదానికి వెయ్యి రూపాయలు అటూ ఇటూగానే తేలింది. షర్టు గుడ్డలు పన్నెండూ చేనేతే. పిల్లల డ్రెస్సులు మాల్‌లో, ఎనిమిది కాదు, ఇంటికొకటి చొప్పున నాలుగు. మగ్గం వర్కు అయిదు జాకెట్లలో రెండింటికే, నెల్నాళ్ళ గడువు ఇచ్చి.

చీరలకి మాత్రం ఆర్డరు వెంటనే ఇచ్చేయాలి. మంగళగిరిలో శ్రావణ భాద్రపదాల్లో ముసురు పడితే గుంటల్లో నీరు ఊరుతుంది, తేమకి పడుగు సాగిపోతుంది, మగ్గం ఆగుతుంది. కార్తీకంలో పెళ్ళి ఉన్నవాళ్ళు ఆషాఢంలోనే రంగులు చెప్పి, సగం డబ్బు అడ్వాన్సు కట్టి, తారీఖు రాయించుకోండి. వారం ఆలస్యమైనా సర్దుకునేలా, మీకు కావలసిన రోజు కన్నా పది రోజుల ముందు తారీఖే పెట్టించుకోండి.